పరాసు బల్ల మీద గుత్తివంకాయ

చయనం భీమశంకరం గారు నిజాయితీపరులు. ఆ సంగతి పరాసులంక ఊరంతటికీ తెలుసు. అందరికంటే బాగా ఆయన భార్య రత్నావళికి తెలుసు, ఎందుకంటే ఆ నిజాయితీ తాలూకు దెబ్బలన్నీ తగిలేది ఆవిడకే.

ఆయన తాలూకా కచేరీలో హెడ్డు గుమాస్తా. రత్నావళి రేవు దగ్గర పూతరేకుల కొట్టు పెట్టుకుంటానని అర్జీ పెట్టుకుంది. రేవు స్థలం సర్కారుది గనక తాసీల్దారు అనుమతి ఇవ్వాలి. అర్జీ తిన్నగా మొగుడి బల్ల మీదికే వచ్చింది. మరో మొగుడైతే ఆ పూటే సంతకం చేయించి, మల్లెపూల పొట్లంతో పాటు ఇంటికి పట్టుకెళ్ళేవాడు. భీమశంకరం గారు అటూ ఇటూ చూసి, బల్ల మీది ఫైళ్ళ గుట్ట మొత్తం బంట్రోతు చేత ఎత్తించి, భార్య అర్జీని అన్నిటికంటే అడుగున పెట్టించారు.

"పెళ్ళాం ఫైలు ముందు కదిపితే లోకం ఏమంటుంది?" అన్నారు ఆ సాయంత్రం.

"లోకం పూతరేకులు తింటుందండీ. నోట్లో రేకు పడ్డాక ఇంకేం అంటుంది?" అంది రత్నావళి. "వైశాఖంలో ముహూర్తం పెట్టించాను. కుండలు కొన్నాను. నెయ్యి కాచాను. బోర్డు కూడా రాయించాను. నా చేత్తో తీసిన రేకు నాలుగూళ్ళ వాళ్ళు తినాలని పెళ్ళికి ముందు నుంచీ అనుకుంటున్నాను. మీరేమో నన్ను గుట్ట కింద పూడ్చి వచ్చారు."

కొట్లో గల్లాబల్లగా వేసుకోవడానికి ఆవిడ దగ్గర పుట్టింటి బల్ల కూడా సిద్ధంగా ఉంది. దాని కథ ఇది. ఫ్రెంచివాళ్ళను ఈ లంకల్లో పరాసువాళ్ళనేవారు. వాళ్ళు ఇక్కడ బట్టల వ్యాపారం చేసి వెళ్ళిపోతూ రెండు రాత బల్లలు వదిలేశారు. అవి చేతులు మారి కచేరీకి చేరాయి. ఒక బల్ల కాళ్ళు గుంజల్లా తిన్నగా ఉన్నాయి. రెండోదాని కాళ్ళు నాలుగూ పైన లావుగా, మధ్యలో మెలికలు తిరిగి, కింద సన్నంగా ఉన్నాయి. అప్పటి తాసీల్దారు రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసి, రెండోదాని మీద "కాళ్ళు వంకర. పనికిరాదు" అని రాసి వేలం వేయించాడు. రత్నావళి తండ్రి పాడుకుని, కూతురికి పిండి వంటలకు పనికొస్తుందని ఇచ్చాడు. తిన్నకాళ్ళది కచేరీలో మిగిలి, తిరిగి తిరిగి భీమశంకరం గారి వంతుకు వచ్చింది.

ఇలా ఉండగా సర్కారుకి వారసత్వం పట్టుకుంది. అంతకు ముందేడు మొక్కలు పట్టుకున్నాయి, ఆ ముందేడు యోగాసనాలు. ఈసారి పాతది ఏది కనిపించినా దండ వేసి, తాడు కట్టి, పక్కన బోర్డు పాతుతున్నారు. ఆ ఊపులోనే వారసత్వ వస్తు సంరక్షణ మండలి సంచాలకులు డాక్టర్ పరాంకుశం గారు, మెడలో కెమెరాతో, పడవ ఎన్నింటికో కనుక్కుందామని కచేరీలోకి వచ్చారు.

భీమశంకరం గారు అప్పుడు మధ్యాహ్న భోజనం చేస్తున్నారు. ఫైళ్ళ గుట్ట పక్కన క్యారేజీ మూత తీసి, ఎడమ మోచెయ్యి బల్ల మీద ఆనించి, గుత్తివంకాయ ఒక్క కొరుకు కొరికి గిన్నెలో పెట్టారు. పరాంకుశం గారు పడవ సంగతి అడగబోయి, బల్లను చూసి, నోరు తెరిచిన వారు తెరిచినట్టే ఉండిపోయారు.

"కదలకండి!" అన్నారు.

భీమశంకరం గారు కదలలేదు. పదవిలో ఉన్నవాళ్ళు ఏదైనా చెప్తే ఆయన చేసేది మామూలుగా అదే.

"ఇది పద్దెనిమిదో శతాబ్దపు పారిస్ నగర దారుశిల్పి గాస్పార్ లెమ్వాన్ హస్తకృతి అని మా ప్రాథమిక అభిప్రాయం," అన్నారు పరాంకుశం గారు, చేతులు జోడించి. "ఆ కాళ్ళు గమనించారా? ఎక్కడా ఒక్క మెలిక లేదు. ఆ నిటారుతనం లోకంలో లెమ్వాన్‌కి తప్ప ఇంకొకరికి రాదు. ఆయన తన ప్రతి బల్ల అడుగునా ముద్ర కాల్చేవాడు. చిన్న కిరీటం, దాని కింద జి, ఎల్ అని రెండక్షరాలు. తిరగేస్తే మనకు దర్శనం లభిస్తుంది."

"ఆయ్, తిరగేత్తానండి. ముందీ పైళ్ళు దింపాలండి," అన్నాడు బంట్రోతు సింహాద్రి, తువ్వాలు నడుముకి బిగిస్తూ.

"ముందు ఫోటో," అన్నారు పరాంకుశం గారు. టపీమని తీశారు. తీసి, గుట్ట మీద చెయ్యి వేసిన సింహాద్రిని చూసి కేక పెట్టారు. "ముట్టుకోవద్దు! మా నియమావళి ప్రకారం ఫోటో తీసిన క్షణం నుంచి వస్తువుకి యథాతథ స్థితి వర్తిస్తుంది. ఫోటోలో ఉన్నదేదీ కదలరాదు."

"మరి ముద్ర చూడాలన్నారు కదండీ?" అన్నారు భీమశంకరం గారు.

"ఫైళ్ళు దింపితే గాని బల్ల తిరగబడదు. ఫైళ్ళు దింపరాదు. కాబట్టి ముద్ర చూడరాదు. చూడలేదు గనక లేదని ఎవరూ అనలేరు. అంటే ఉన్నట్టే," అన్నారు పరాంకుశం గారు. ఈ మాటలో భీమశంకరం గారికి తప్పు కనిపించలేదు. ఆయన సర్వీసంతా ఇటువంటి మాటలనే శుభ్రంగా ప్రతి తీస్తూ గడిచింది.

ఉత్తర్వు వచ్చింది. యథాతథంగా ఉంచవలసిన అంశాల్లో రాత బల్ల, ఫైళ్ళ గుట్ట, సిరా మరక, టీ గ్లాసు అడుగు గుర్తు, క్యారేజీ, ఒక్కసారి కొరికిన గుత్తివంకాయ, గుమాస్తా గారి ఎడమ మోచెయ్యి ఉన్నాయి. కుడి మోచెయ్యి ఫోటోలో పడలేదు గనక దానికి స్వేచ్ఛ ఇచ్చారు.

తాసీల్దారు కోదండపాణి గారు ఉత్తర్వు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, కుర్చీలోంచి లేచి భీమశంకరం గారిని కౌగలించుకున్నారు.

"ఇన్నాళ్ళూ పైవాళ్ళు మనల్ని పెండింగు, పెండింగు అని దులిపేశారయ్యా. అది పెండింగు కాదు, వారసత్వం! ఫైలు కదిపితేనే ఇక నేరం. నా సర్వీసులో ఇంత కమ్మటి కాగితం ఎప్పుడూ చదవలేదు."

"మరి అర్జీదార్లండీ?"

"చూసుకోమనండి. ఎవరొద్దన్నారు?"

నిజంగానే చూడనిచ్చారు. బల్ల చుట్టూ ఎర్ర తాడు కట్టారు. అర్జీలు పెట్టుకున్నవాళ్ళు వరసలో వచ్చి, తాడు ఇవతల నిలబడి, ఎవరి ఫైలు వాళ్ళు చూసుకుని వెళ్ళేవారు. ఒక పెద్దాయన మనవలను వెంటబెట్టుకొచ్చి, "అదిగోరా, ఆ నీలం అట్ట. అది మన పొలం సరిహద్దు అర్జీ. మీ ముత్తాత పెట్టాడు," అని చూపిస్తే, ఆ పిల్లలు చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నారు. ఈ వైభవం చూసి పక్క ఆఫీసులకు కన్నుకుట్టింది. రోడ్లవాళ్ళు తమ గతుకులకూ, నీళ్ళవాళ్ళు తమ ఎండిపోయిన కుళాయికీ ఫోటోలు తీయించి మండలికి పంపుకున్నారు. కుళాయికి వెంటనే మంజూరైంది. అప్పటి నుంచి దాంట్లోకి పొరపాటున నీళ్ళు రాకుండా ఒక కాపలాదారును పెట్టారు.

ఇంట్లో మాత్రం వైభవం ఏమీ లేదు.

"అయితే నా అర్జీ ఇంక ఎప్పటికీ కదలదా?" అని అడిగింది రత్నావళి.

"జాతి సంపద అయిపోయింది రత్నం," అన్నారు భీమశంకరం గారు, కొంచెం గర్వంగానే. "అందులోనూ అది అన్నిటికంటే అడుగున ఉంది. తక్కిన సంపదంతా దాని మీదే నిలబడి ఉంది."

రత్నావళి మొగుడి కంచంలో అన్నం వడ్డించి, కూర వడ్డించకుండా లేచి వెళ్ళిపోయింది. ఏళ్ళ తరబడి కాపురం చేసిన మనిషి గనక, ఇది తుఫాను ముందరి గాలి అని భీమశంకరం గారికి తెలుసు.

కచేరీ నుంచి ఆవిడ పేర మెమో వచ్చింది కూడా ఆ వారంలోనే. "శ్రీమతి రత్నావళి గారికి తెలియజేయడమేమనగా, తమరు వారసత్వ అంశమైన గుత్తివంకాయకు సంప్రదాయ నిర్వాహకురాలిగా నియమితులైనారు. ప్రతి పనిదినమున ఫోటోలోని ఛాయకు భిన్నము కాని వంకాయను క్యారేజీలో పంపవలెను. కొరుకుట గుమాస్తా బాధ్యత." రోజూ భీమశంకరం గారు దాన్ని ఒక్క కొరుకు కొరకాలి. ఆ కొరుకు తర్వాత అది సర్కారు ఆస్తి, రెండో కొరుకు శిక్షార్హం. మోచెయ్యి బల్ల మీద ఆనించి, నూనె తేలిన మసాలా వాసన ముక్కుకి తగులుతుంటే, ఆయన ఆకలితో సాయంత్రం దాకా కూచునేవారు. కచేరీ మూసేవేళ అవశేషాలను సింహాద్రి లాంఛనంగా ఆరగించేవాడు.

"అమ్మగారి సెయ్యి అమృతవండి. జాతి సంపదంటే మరి ఇదేనండి," అనేవాడు మూతి తుడుచుకుంటూ.

రత్నావళి మెమో రెండుసార్లు చదివింది. మొదటిసారి మండిపడింది. రెండోసారి నవ్వింది. మర్నాడు క్యారేజీ మూత తీస్తే అందులో పచ్చి వంకాయ ఉంది, తొడిమతో సహా.

భీమశంకరం గారు నియమం తప్పే మనిషి కాదు. కళ్ళు మూసుకుని పచ్చి వంకాయనే కొరికారు.

"ఇదేంటి రత్నం?" అన్నారు ఇంటికొచ్చి, నాలుక గోక్కుంటూ.

"నా అర్జీ మీ బల్ల మీద ఎలా ఉంది? పెట్టింది పెట్టినట్టుంది. నా ఇంట్లో వంకాయా అంతే, కోసింది కోసినట్టుంటుంది. మీదొక యథాతథం, నాదొక యథాతథం. అర్జీ కదిలిన రోజున పొయ్యి వెలుగుతుంది."

ఇది మామూలు రోజుల్లో అయితే ఆలుమగల గొడవగా తేలిపోయేది. కానీ మంత్రిగారు బల్ల దర్శనానికి వస్తున్నట్టు కబురొచ్చింది. కోదండపాణి గారు సింహాద్రి పెళ్ళాం చేత వంకాయ వండించారు. పరాంకుశం గారు దాన్ని ఫోటో పక్కన పెట్టి చూసి, "ఛాయ తేలిపోయింది. కొబ్బరి ఎక్కువ, వారసత్వం తక్కువ," అని తోసేశారు. హోటల్ నుంచి తెప్పించిన దానికి గుత్తే లేదు. ఇక గత్యంతరం లేక సంచాలకులూ తాసీల్దారూ ఇద్దరూ రత్నావళి గడప తొక్కారు.

ఆవిడ కూచోండని వంటింటి వసారాలో ఉన్న వంకరకాళ్ళ బల్ల దగ్గర కుర్చీలు వేసి, దాని మీదే చెరొక పూతరేకు పెట్టింది. పరాంకుశం గారు రేకు నోట్లో వేసుకుని కాసేపు కళ్ళు తెరవలేదు. తెరిచాక ఆయన చూపు కిందికి పోయింది.

"ఏమిటమ్మా ఈ బల్ల? కాళ్ళు ఇలా మెలికలు పోయాయి? చెదలు పట్టి వంగిపోయినట్టుంది. పొయ్యిలో పెట్టకపోయారా? మా లెమ్వాన్ గారి బల్ల చూసిన కళ్ళతో ఇది చూడడం చాలా కష్టంగా ఉంది."

"పుట్టింటిదండీ, ఉండనివ్వండి. వంకాయ సంగతి చెప్పండి."

"తమరు జాతి ప్రతిష్ఠకు భంగం కలిగిస్తున్నారు," అన్నారు కోదండపాణి గారు, రెండో రేకు అందుకుంటూ.

"నా అర్జీ మీద సంతకం పెట్టండి. జాతి ప్రతిష్ఠను నూనెలో మగ్గబెట్టి పంపిస్తాను."

"అర్జీ అడుగున ఉందమ్మా! లాగితే గుట్ట కదులుతుంది. గుట్ట కదిలితే నా ఉద్యోగం కదులుతుంది."

"లాగమని నేనన్నానా?" అంది రత్నావళి. "మా ఆయన అర్జీని తిన్నగా కూడా పెట్టలేదండీ. మొన్న దర్శనానికి నేనూ వరసలో నిలబడి చూసొచ్చాను. గోడ వైపు జానెడు కాగితం బయటికి వేలాడుతోంది. మీ ఫోటో ముందు నుంచి తీశారు. గోడ వైపు ఫోటోలో లేదు. లేనిదానికి యథాతథం ఎక్కడిది? అక్కడ పెట్టండి సంతకం."

పరాంకుశం గారు నమలడం ఆపారు. జేబులోంచి ఫోటో తీసి, వెలుతురుకి పట్టి చూశారు. తర్వాత ఆవిడ వైపు చూసిన చూపులో, ఒక నియమావళిని మరో నియమావళి చూసినంత గౌరవం ఉంది.

"సూత్రప్రాయంగా అభ్యంతరం కనబడదు," అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆ సంతకం జరిగింది. కోదండపాణి గారు స్థూలకాయులు. ఆయన్ని బల్లకీ గోడకీ మధ్య ఇరికించడానికి సింహాద్రి వెనక నుంచి తోయాల్సి వచ్చింది. తగిలితే గుట్ట పడుతుందని ఆయన ఊపిరి బిగబట్టారు. పరాంకుశం గారు ఫోటో చేత్తో పట్టుకుని, "ఎడమకు... ఆగండి, తుమ్మకండి," అంటూ నడిపించారు. భీమశంకరం గారు తాడు ఇవతల నిలబడి చూస్తున్నారు. భార్య ఫైలు తక్కిన అందరి ఫైళ్ళ కంటే ముందు తేలిపోతోంది, అదీ ఆయన ప్రమేయం ఏమీ లేకుండా. సిగ్గుపడాలో సంతోషించాలో ఆయనకు తెలియలేదు. చివరికి సంతోషమే వచ్చింది. ఇంత తేలిగ్గా వచ్చినందుకు ఆయనే ఆశ్చర్యపోయారు.

అనుమతి కాగితం చేతికందింది. వంకాయ మగ్గింది. మంత్రిగారు వచ్చి, బల్లను చూసి, వంకాయను ఎక్కువసేపు చూసి, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళారు.

ఆ మరుసటి ఉదయమే కొట్టు ముహూర్తం. రేవులో జనం అప్పటికే మూగారు. ఆరుబయట బోర్లించిన కుండ మీద రత్నావళి పిండి నీళ్ళలో తడిపిన గుడ్డ పరిచి తీస్తుంటే, పొగలో రేకులు ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్నాయి. గల్లాబల్ల మాత్రం కొట్టు గుమ్మంలో పట్టలేదు.

"ఆయ్, తలకిందులు సేత్తే దూరుద్దండి," అని సింహాద్రి దాన్ని తిరగేసి కింద పెట్టి, గుమ్మం పక్కనున్న కుండలు జరపడానికి వెళ్ళాడు. నాలుగు వంకర కాళ్ళూ ఆకాశానికి లేచాయి.

భీమశంకరం గారు బోర్డు మీద వెలిసిన అక్షరాలు దిద్దడానికి తెల్ల రంగు డబ్బా, కుంచె పట్టుకుని ఉన్నారు. ఊరికే కిందికి చూశారు. బల్ల అడుగున, చెక్కలోకి కాల్చిన చిన్న కిరీటం ఉంది. దాని కింద జి. దాని పక్కన ఎల్.

 రోజూ మోచెయ్యి ఆనించి కూచుంటూ, వచ్చినవాళ్ళకల్లా పరాంకుశం గారు ఆ ముద్ర సంగతి చెప్తుంటే వినీ వినీ ఆయనకు కంఠతా వచ్చేసింది. ఉత్తర్వు చివరి పేరా కూడా కంఠతా వచ్చు: వారసత్వ వస్తువును చూసిన ప్రతి ప్రభుత్వోద్యోగీ తక్షణం తెలియజేయవలెను. ఆయన సర్వీసులో ఒక్క పేరాని కూడా మీరి ఎరగరు.

"రత్నం," అని పిలిచారు.

ఆవిడ వచ్చి చూసింది. చేతిలో రేకు చేతిలోనే ఉంది. ముద్రను చూసింది, మొగుడి మొహం చూసింది, రేవు వైపు చూసింది. పడవ కోసం పరాంకుశం గారు, ఆయనతో కబుర్లాడుతూ కోదండపాణి గారు, ఇద్దరూ తిన్నగా కొట్టు వైపే వస్తున్నారు. పరాంకుశం గారి మెడలో కెమెరా ఉంది.

"ఫోటో తీశాడంటే ఈ కొట్టు ఇంక కొట్టు కాదండీ," అంది రత్నావళి మెల్లగా.  "ఈ కుండ చల్లారదు, నా రేకు ఎవరి నోటికీ చేరదు. నేను ఈ తాడు లోపల నిలబడి ఉండాలి, చచ్చేదాకా."

భీమశంకరం గారికి ఆ దృశ్యం కళ్ళకు కట్టింది. అంశం: రత్నావళి గారి కుడి చెయ్యి, ఒకటి. 

"అమ్మా, శుభం!" అంటూ పరాంకుశం గారు వచ్చేశారు. "పడవెక్కేలోగా రెండు పొట్లాలు కట్టించండి. జ్ఞాపకంగా ఒక ఫోటో కూడా తీసుకుంటాను." కెమెరా కంటి దాకా ఎత్తారు.

భీమశంకరం గారు బల్ల మీదికి వంగారు. కుంచె నిండా రంగు ముంచి, కిరీటం మీదుగా, రెండక్షరాల మీదుగా, చెక్క కనిపించకుండా లావుపాటి అక్షరాలు రాశారు. ఏం రాయాలని ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే కచేరీ భాషలో రాసింది.

పరాంకుశం గారు కెమెరా దించి, మెడ చాచి చదివారు.

"కాళ్ళు వంకర. పనికిరాదు." తల పంకించారు. "భేష్! నేను ఆ రోజే చెప్పలేదూ? పనికిరానిదని గుమాస్తా గారు రాతపూర్వకంగా ధ్రువీకరించిన వస్తువుకు మా మండలి ఫోటో తీయదు. తీస్తే ఆడిట్‌లో ఆక్షేపణ వస్తుంది." కెమెరా సంచిలో పెట్టేసి, పొట్లాల కోసం చెయ్యి చాచారు.

"ఎత్తరా సింహాద్రీ," అంది రత్నావళి.

బల్ల లోపలికి వెళ్ళింది. దాని మీద రేకులు పేర్చారు, జనం ఎగబడ్డారు, పేర్చినవి పేర్చినట్టే కదిలిపోయాయి. భీమశంకరం గారు తడి కుంచె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆయన మొత్తం సర్వీసులో, వచ్చిన రోజునే తేల్చేసిన వ్యవహారం అదొక్కటే. రత్నావళి లోపలి నుంచి వచ్చి ఒక పూతరేకు ఆయన నోట్లో పెట్టింది. ఆయన దాన్ని మొత్తం తినేశారు.